వస్తే, వచ్చి ఉంటే: ‘ఇఫ్’ వాక్యాల సాధన తెలుగు నుంచి మొదలుపెడితే

హైస్కూలు తెలుగు పీరియడ్‌లో సంక్లిష్ట వాక్యాల పాఠం నడుస్తుంటుంది. ‘వానలు కురిస్తే పంటలు పండుతాయి’ అని బోర్డు మీద రాసి, ‘కురిస్తే’ కింద గీత గీసి, దీన్ని చేదర్థకం అంటారని టీచర్ చెబుతారు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని, ఆ అర్థం ఇచ్చే క్రియ కాబట్టి ఆ పేరు వచ్చిందని వివరిస్తారు. పిల్లలు రాసుకుంటారు. బెల్లు మోగుతుంది. తర్వాతి పీరియడ్ ఇంగ్లిష్. అక్కడ ఇఫ్ క్లాజ్ పాఠం: టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ. అవే బెంచీలు, అదే బోర్డు, సంగతి కూడా దాదాపు అదే. కానీ ఇందాకటి ‘కురిస్తే’కీ ఇప్పటి ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’కీ చుట్టరికం ఉందని ఆ గదిలో ఎవరూ అనరు.

ఆ తర్వాత పదేళ్ళు గడుస్తాయి. డిగ్రీ చేతికొస్తుంది, ఉద్యోగం వస్తుంది, రోజూ ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాయడం అలవాటవుతుంది. అయినా ‘ఇఫ్ హి విల్ కమ్ టుమారో, ఐ విల్ టెల్ హిమ్’ అన్న తప్పు వాక్యం మాత్రం నోటిని వదలదు. రూల్ తెలియక కాదు, అడిగితే గడగడా అప్పజెబుతారు. సాధన చేయకా కాదు, ఖాళీలు పూరించే కసరత్తు వందలసార్లు చేసినవాళ్ళే. సాధన మొదలైన చోటే తేడా ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ళ తలలో వాక్యం ముందు తెలుగులో పుడుతుంది. అక్కడ అది ఏ రూపంలో ఉందో చూడకుండా ఇంగ్లిష్ టేబుల్‌ను బట్టీ పట్టిస్తే, ఆ టేబుల్ పరీక్ష హాలు దాకా వస్తుంది గానీ మాట దాకా రాదు.

కాలం లేని క్రియ

చేదర్థకం అసమాపక క్రియ. అంటే దానికి కాలం లేదు, నేను-నువ్వు-వాడు అన్న తేడా కూడా లేదు. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్ళు వస్తే. నిన్న వస్తే, రేపు వస్తే, ఎప్పుడొస్తే అప్పుడు. ‘వస్తే’ అన్నది కదలదు, మెదలదు. కాలం సంగతి వాక్యం చివర వచ్చే సమాపక క్రియ చూసుకుంటుంది: చెప్తాను, చెప్పాను, చెప్పేవాణ్ణి.

ఇంగ్లిష్‌లో ఈ వెసులుబాటు లేదు. ‘ఇఫ్’ తర్వాత వచ్చే క్రియకు ఏదో ఒక కాలం తొడగాల్సిందే. తెలుగు ఇవ్వని కాలాన్ని ఇప్పుడు ఎక్కడి నుంచి తేవాలి? అర్థం నుంచి తెచ్చుకుంటారు. వచ్చేది రేపు కదా, రేపు అంటే భవిష్యత్తు, భవిష్యత్తు అంటే విల్. అందుకే ‘ఇఫ్ హి కమ్స్’ రావాల్సిన చోట ‘ఇఫ్ హి విల్ కమ్’ పుడుతుంది. ఇది తెలివితక్కువ తప్పేమీ కాదు, సరైన తర్కం తప్పు చోటికి చేరడం. హిందీ మాట్లాడేవాళ్ళు కూడా ఇదే తప్పు చేస్తారు, కాకపోతే వాళ్ళది వేరే దారి. ‘అగర్ వో ఆయేగా తో’ అని హిందీలో షరతు భాగంలోనే భవిష్యత్ క్రియ వాడొచ్చు. హైదరాబాద్‌లో పెరిగి రెండు భాషలూ వచ్చినవాళ్ళకు ఈ విల్ రెండు వైపుల నుంచీ వస్తుంది.

దీనికి టేబుల్ కన్నా సులువైన గుర్తు ఒకటుంది. తెలుగులో ఏ భాగం కాలం లేని క్రియతో ముగుస్తుందో, ఇంగ్లిష్‌లో ఆ భాగంలో విల్ పెట్టకూడదు. ఇది ‘ఇఫ్’తో ఆగిపోయే గుర్తు కూడా కాదు. ‘వాడు రాగానే చెప్తా’ అన్నప్పుడు ‘రాగానే’కు కాలం లేదు, కాబట్టి ‘యాజ్ సూన్ యాజ్ హి కమ్స్’. ‘వచ్చేదాకా ఉంటా’ అంటే ‘అన్‌టిల్ హి కమ్స్’. ‘వచ్చేలోపు వండుతా’ అంటే ‘బిఫోర్ హి కమ్స్’. అన్నిటా జరగబోయేది రేపే, అయినా విల్ లేదు. వ్యాకరణ పుస్తకాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి. తెలుగు వైపు నుంచి చూస్తే ఇదంతా ఒకటే పాఠం.

మరి ‘ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్’ సంగతేమిటి? ఇందులో ఇఫ్ పక్కనే విల్ ఉంది, వాక్యం మాత్రం తప్పు కాదు. రూల్‌ను మాత్రమే నమ్ముకున్న విద్యార్థి ఇక్కడ బోల్తా పడతాడు. ఇదే మాట తెలుగులో అనుకుంటే చిక్కు వీడుతుంది: ‘వాడు వస్తాడో రాడో తెలియదు’. ఇక్కడ ‘వస్తే’ లేనే లేదు. ఉన్నది ‘వస్తాడు’, కాలం ఉన్న నిండు క్రియ. కాబట్టి విల్ ఉండొచ్చు. పెద్దవాళ్ళు మర్యాదగా అనే ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ కూడా ఇలాంటిదే. దాని అర్థం ‘మీరు ఆగితే’ అని కాదు, ‘మీరు కాస్త ఆగుతానంటే’ అని. ‘ఆగుతాను’లో కాలం ఉంది. గుర్తు ఇక్కడా పని చేస్తోంది.

బాగుంటుంది, బాగుండు, బాగుండేది

టైప్ వన్, టూ, త్రీ అన్న అంకెలు పిల్లలకు దేన్నీ గుర్తు చేయవు. మూడో రకంలో ఏముందో చెప్పమంటే ‘హ్యాడ్ ప్లస్ వీ త్రీ, వుడ్ హ్యావ్ ప్లస్ వీ త్రీ’ అని లెక్కల సూత్రంలా చెబుతారు. ఎప్పుడు వాడాలో అడిగితే మాత్రం తడబడతారు. ఈ మూడు మెట్లూ తెలుగు పిల్లల నోట్లో ముందే ఉన్నాయి. ఈ మూడు మాటలు పైకి అనుకుని చూడండి:

నువ్వు వస్తే బాగుంటుంది.
నువ్వు వస్తే బాగుండు.
నువ్వు వచ్చి ఉంటే బాగుండేది.

మొదటిది రాగలిగినవాడితో అనే మాట. పెళ్ళి వచ్చే వారం, పిలుస్తున్నాం, వస్తాడనే ఆశ ఉంది. రెండోది కోరిక. అమెరికాలో ఉన్నవాడికి సెలవు దొరకదని తెలిసీ ఫోన్‌లో అనే మాట. మూడో మాట అనేటప్పటికి పెళ్ళి అయిపోయింది, వాడు రాలేదు. ఈ మూడింటి తేడా ఏ తెలుగు మనిషికీ వివరించనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఇవే మెట్లు: ‘ఇట్ విల్ బి నైస్ ఇఫ్ యు కమ్’, ‘ఇట్ వుడ్ బి నైస్ ఇఫ్ యు కేమ్’, ‘ఇట్ వుడ్ హ్యావ్ బీన్ నైస్ ఇఫ్ యు హ్యాడ్ కమ్’. అంకెలకు బదులు ఈ మూడు ‘బాగు’లు పేర్లుగా పెట్టుకుంటే, ఏ వాక్యం ఎదురైనా అది ఏ బాగులో పడుతుందో చెవే చెబుతుంది.

ఇబ్బంది అంతా రెండో మెట్టు దగ్గరే. ‘బాగుండు’ అన్న రూపాన్ని తెలుగు అన్ని క్రియలకూ పంచిపెట్టలేదు. ‘లాటరీ తగిలితే ఇల్లు కడతా’ అంటాం. ‘రేపు కూలి డబ్బులొస్తే అప్పు తీరుస్తా’ అనీ అంటాం. మొదటిది కల, రెండోది లెక్క. వ్యాకరణ రూపం మాత్రం రెండింటికీ ఒకటే. ఏది కలో వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. ఇంగ్లిష్ ఈ తేడాను క్రియ మీదే అచ్చు వేయమంటుంది. కల అయితే ‘ఇఫ్ ఐ వన్ ద లాటరీ, ఐ వుడ్ బిల్డ్ ఎ హౌస్’. లెక్క అయితే ‘ఇఫ్ ఐ గెట్ మై వేజెస్ టుమారో, ఐ విల్ రీపే ద లోన్’.

ఇక్కడ ప్రతి క్లాసులోనూ ఒక చేయి లేస్తుంది: లాటరీ ఇంకా తగల్లేదు కదా, ‘వన్’ అని భూతకాలం ఎందుకు? మంచి ప్రశ్న. ‘అది రూల్’ అన్నది దానికి జవాబు కాదు. జవాబు కోసం ఒక తెలుగు ఇంటి గుమ్మం దాకా వెళ్ళాలి. పక్కింటాయన వచ్చి నిలబడి, ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండీ’ అంటాడు. అనుకున్నది నిన్న కాదు, అడగబోయేది ఇప్పుడే. అయినా ‘అనుకుంటున్నాను’ అనడు. అలా అంటే మీద పడినట్టుంటుంది. క్రియను ఒక అడుగు వెనక్కి జరిపితే మాట మెత్తబడుతుంది. అంటే భూతకాలం పని గడిచిపోయిన కాలాన్ని చెప్పడం ఒక్కటే కాదు, దూరాన్ని చెప్పడం కూడా. ఇంగ్లిష్‌లోనూ ఇదే పద్ధతిలో ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్’ అంటారు. మర్యాద కోసం వెనక్కి జరిపినట్టే, నిజం నుంచి దూరమని చెప్పడానికి కూడా ఇంగ్లిష్ క్రియను ఒక మెట్టు వెనక్కి జరుపుతుంది: ‘ఇఫ్ ఐ వన్’. అది నిజంగా గడిచిపోయిన సంగతే అయి, పైగా జరగనిదైతే ఇంకో మెట్టు వెనక్కి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ వన్’. ‘ఇఫ్ ఐ వర్ యు’లో ‘ఐ’ పక్కన ‘వర్’ రావడం ఈ దూరానికి మిగిలిన పాత గుర్తు. మామూలు మాటల్లో ‘వాజ్’ కూడా వినిపిస్తుంది. పరీక్షలో మాత్రం ‘వర్’తో పోతే గొడవ లేదు.

ఇక ‘వుడ్’ విషయానికొస్తే, దాన్ని ‘విల్‌కు పాస్ట్’ అని చెప్పి వదిలేయడం అన్యాయం. ‘చిన్నప్పుడు మా తాత రోజూ కథలు చెప్పేవాడు’ అంటే అలవాటు. ‘తెలిస్తే చెప్పేవాడు’ అంటే జరగని పని. ఒకే ‘చెప్పేవాడు’ రెండు కొలువులు చేస్తోంది. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా సరిగ్గా ఇవే రెండు కొలువులు చేస్తుంది: ‘హి వుడ్ టెల్ అజ్ స్టోరీస్ ఎవ్రీ నైట్’, ‘హి వుడ్ టెల్ అజ్ ఇఫ్ హి న్యూ’. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే ఉపాయం పట్టుకోవడం చిత్రమే. బోధించేవాళ్ళకు ఇంతకన్నా సిద్ధంగా దొరికే వంతెన ఉండదు. వాక్యం చివర ‘-ఏవాణ్ణి, -ఏది, -ఏవాళ్ళం’ వచ్చి, పైన ‘-తే’ ఉంటే, కళ్ళు మూసుకుని వుడ్ అందుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ‘డబ్బుంటే ఇచ్చేవాణ్ణి’ అన్న మాటకు రెండు కాలాలున్నాయి. స్నేహితుడు ఇప్పుడు అడుగుతుంటే ‘ఇఫ్ ఐ హ్యాడ్ ద మనీ, ఐ వుడ్ గివ్ ఇట్’. పోయినేడు అడిగిన సంగతి గుర్తు చేసుకుంటుంటే ‘ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ ద మనీ, ఐ వుడ్ హ్యావ్ గివెన్ ఇట్’. (రెండు హ్యాడ్‌లు పక్కపక్కన చూసి టైపింగ్ తప్పనుకుని ఒకటి కొట్టేసే మంచివాళ్ళు ఉంటారు. కొట్టేస్తే కాలం మారిపోతుంది.) తెలుగు వాక్యం ముందు ‘ఇప్పుడు’ గానీ ‘అప్పుడు’ గానీ చేర్చి చూసుకోవడమే దీనికి మందు.

‘తే’ ఉన్న ప్రతిచోటా ఇఫ్ ఉండదు

వంతెన ఉంది కదా అని లారీ ఎక్కించకూడదు. తెలుగు ‘-తే’ చాలా పెద్ద సంసారం. ‘నేను వెళ్తే తలుపుకు తాళం వేసి ఉంది’ అంటాం. వెళ్ళడం జరిగిపోయింది, తాళం చూడటమూ జరిగిపోయింది, ఇందులో షరతు ఏదీ లేదు. దీన్ని ‘ఇఫ్ ఐ వెంట్’ అని మొదలుపెడితే వినేవాడికి ఇంకేదో అర్థమవుతుంది. ఇది ‘వెన్ ఐ వెంట్, ద డోర్ వాజ్ లాక్డ్’. ‘తెల్లవారితే పరీక్ష’ అన్నప్పుడు తెల్లవారడం మీద ఎవరికీ అనుమానం లేదు, కాబట్టి అక్కడా ఇఫ్ కుదరదు. ‘నువ్వు పిలిస్తే వచ్చాను’లో ‘పిలిస్తే’ కారణం: ‘ఐ కేమ్ బికాజ్ యు కాల్డ్ మి’.

‘నాన్న వస్తే చెప్పు’ అన్నది అన్నిటికన్నా గడుసు వాక్యం. నాన్న రోజూ ఆరింటికి వచ్చేవాడైతే అది ‘వెన్’. వస్తాడో రాడో తెలియని ఊరి ప్రయాణంలో ఉంటే ‘ఇఫ్’. తెలుగులో అమ్మ ఆ తేడా చెప్పాల్సిన పని లేదు, పిల్లవాడికి ఇంటి సంగతి తెలుసు. ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఆఫీసు మెయిల్‌లో ‘వెన్ ద క్లయింట్ అప్రూవ్స్’ అనడానికీ ‘ఇఫ్ ద క్లయింట్ అప్రూవ్స్’ అనడానికీ ఉన్న దూరం చిన్నది కాదు. మొదటిది చదివిన మేనేజర్ ఆమోదం ఖాయమనుకుని కూర్చుంటాడు.

‘అన్‌లెస్’ దగ్గర తెలుగువాళ్ళు ఎక్కువగా జారిపడటానికి కారణం దానికి ‘లేకపోతే’ అని అర్థం నేర్పడమే. ‘అతను రాకపోతే నేను వెళ్ళను’ అని మనసులో అనుకుని, ఆ ‘రాక’లోని లేమిని కూడా మోసుకొచ్చి ‘అన్‌లెస్ హి డజంట్ కమ్’ అంటారు. లేమి రెండుసార్లు పడి అర్థం తలకిందులవుతుంది. అన్‌లెస్‌కు అసలైన తెలుగు ‘లేకపోతే’ కాదు, ‘తే తప్ప’. ‘అతను వస్తే తప్ప నేను వెళ్ళను’ అనుకుంటే ‘వస్తే’ నిండుగా ఉంది, లేమి ‘తప్ప’లోకి వెళ్ళిపోయింది. అచ్చం ‘అన్‌లెస్ హి కమ్స్’. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్న సామెతను ‘అడిగితే తప్ప’ అని మార్చుకుని ఇంగ్లిష్‌లో చెప్పించడం ఈ పాఠానికి సరిపోయే మొదటి హోంవర్క్.

చేదర్థకం పక్క ఇల్లే అప్యర్థకం: ‘వాన పడినా వస్తాను’. చివరి దీర్ఘంలో ఉన్న మొండితనమే ‘ఈవెన్’. దాన్ని విడిగా ‘కూడా’ అనుకుని ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ ఆల్సో ఐ విల్ కమ్’ అనడం మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందంటే, మన మధ్య అది తప్పుగా కూడా వినిపించదు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘ఈవెన్ ఇఫ్’ కావాలి. ‘సపోజ్ ఇఫ్’ కూడా ఇలాంటిదే. ‘ఒకవేళ వాడు రాకపోతే’లో ఒకవేళ ఒకటి, తే ఒకటి ఉన్నాయి కాబట్టి ఇంగ్లిష్‌లోనూ రెండు పెడతాం. అక్కడ ఒకటి చాలు. ‘ఇన్ కేస్’ను మనం ‘అయితే’గా వాడేస్తాం గానీ, ‘టేక్ ఎన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటే వాన పడ్డాక గొడుగు తీసుకోమని కాదు. ‘వాన పడుతుందేమో, గొడుగు తీసుకెళ్ళు’ అని. ‘ఏమో’ వచ్చిన చోట ‘ఇన్ కేస్’ అని గుర్తుంచుకుంటే చాలు.

కసరత్తు ఎక్కడ చేయాలి

గైడ్లలోని ఖాళీల కసరత్తులో పెద్ద లోపం ఒకటుంది. ‘ఇఫ్ యు ... హార్డ్, యు విల్ పాస్’ అని ఉంటే, విద్యార్థి కన్ను విల్‌ను చూస్తుంది, చెయ్యి ‘స్టడీ’ అని రాస్తుంది. ‘వుడ్ హ్యావ్’ కనిపిస్తే ‘హ్యాడ్ స్టడీడ్’. ఈ సంగతి జరిగిందా, జరగవచ్చా, ఉత్త కలా అన్న ప్రశ్న తల దాకా వెళ్ళదు. మాట్లాడేటప్పుడు ముందే సగం వాక్యం ఎవరూ నింపి ఇవ్వరు. అక్కడ కావాల్సింది ఆ ప్రశ్న ఒక్కటే. అందుకే సాధనకు వాక్యం కాదు, సందర్భం ఇవ్వాలి.

క్రికెట్ అందుకు బాగా పనికొస్తుంది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన వన్డే ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎంచుకుంది. భారత్ 240 పరుగులకు ఆలౌట్ అయింది. ఆస్ట్రేలియా 47కే 3 వికెట్లు పోగొట్టుకున్నా, ట్రావిస్ హెడ్ 137 కొట్టడంతో 6 వికెట్ల తేడాతో గెలిచింది. ఆ రాత్రి మన ఇళ్ళలో నడిచిన సంభాషణంతా ఇంగ్లిష్ మూడో రకమే: హెడ్ తొందరగా అవుటై ఉంటే, ఇంకో యాభై కొట్టి ఉంటే, టాస్ మనం గెలిచి ఉంటే. ‘ఇఫ్ హెడ్ హ్యాడ్ గాట్ అవుట్ ఎర్లీ, వుయ్ మైట్ హ్యావ్ వన్’. ఇక్కడ వుడ్‌కు బదులు ‘మైట్’ పెట్టడం కూడా నేర్పొచ్చు, ‘గెలిచేవాళ్ళం’కీ ‘గెలిచేవాళ్ళమేమో’కీ ఉన్న తేడా అది. 1983, 2011 కప్పులను కలుపుకుని ‘ఆ ఫైనల్ గెలిచి ఉంటే ఇప్పుడు మన దగ్గర మూడు వన్డే కప్పులుండేవి’ అంటే, షరతు అప్పటిది, ఫలితం ఇప్పటిది: ‘ఇఫ్ వుయ్ హ్యాడ్ వన్ దట్ ఫైనల్, వుయ్ వుడ్ హ్యావ్ త్రీ కప్స్ నౌ’. మిక్స్‌డ్ కండిషనల్ అని పుస్తకాలు చివర్లో భయపెట్టేది ఇదే. అయితే కామెంటరీ విని నేర్చుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. మ్యాచ్ తర్వాత మాట్లాడేటప్పుడు కామెంటేటర్లు ‘ఇఫ్ హి టేక్స్ దట్ క్యాచ్, వుయ్ విన్ ద గేమ్’ అని జరగని సంగతిని కూడా వర్తమానంలో చెప్పేస్తుంటారు. అది ఆట మాటల పద్ధతి, జవాబు పత్రంలో చెల్లదు.

ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళు ఒక్క సంగతి మీద దృష్టి పెడితే చాలు. ‘వాట్ వుడ్ యు డు ఇఫ్...’ అని అడిగితే జవాబు ‘ఐ వుడ్’తో మొదలవ్వాలి. ‘ఐ విల్’ అంటే అర్థం కాకపోదు గానీ, అడిగింది ఊహ గురించి, చెప్పింది హామీ అయిపోతుంది. చెవికి కూడా కాస్త సాధన కావాలి. మాటల్లో ‘ఐ హ్యాడ్’, ‘ఐ వుడ్’ రెండూ ‘ఐడ్’గానే వినిపిస్తాయి. ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కమ్’లో మొదటిది హ్యాడ్, రెండోది వుడ్. ‘వుడ్ హ్యావ్’ కలిసిపోయి ‘వుడవ్’ అయి, దాన్ని ‘వుడ్ ఆఫ్’ అని రాసేవాళ్ళు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళలో కూడా బోలెడుమంది. మన తప్పులు మనకున్నట్టే వాళ్ళ తప్పులు వాళ్ళకున్నాయి.

క్రికెట్ అంటే ఆసక్తి లేని పిల్లల కోసం ఇంకా పాత సరుకు ఉంది. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు తక్కువ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది. ఎందుకడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. పాలేరు ఆవును మేపలేదు, ఎందుకంటే అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వ పెట్టకపోవడానికి కారణం పిల్లవాడు ఏడవడం. పిల్లవాడు ఏడ్చింది చీమ కుట్టి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా చెప్పినా గొలుసు ఇదే. ఇది ఫలితం నుంచి కారణానికి మెట్టుమెట్టుగా వెనక్కి నడిచే కథ. మూడో రకం ఇఫ్ చేసే పని కూడా అదే. కాబట్టి పిల్లల చేత ప్రతి మెట్టునూ తిరగేయించాలి. ముందు తెలుగులో: ఆవు మేసి ఉంటే గడ్డిమేటు అడ్డమొచ్చేది కాదు. తర్వాత ఇంగ్లిష్‌లో: ‘ఇఫ్ ద కౌ హ్యాడ్ గ్రేజ్డ్, ద హేస్టాక్ వుడ్ నాట్ హ్యావ్ బీన్ ఇన్ ద వే’. ‘ఇఫ్ గ్రానీ హ్యాడ్ ఫెడ్ హిమ్, ద కౌహర్డ్ వుడ్ హ్యావ్ గ్రేజ్డ్ ద కౌ’. ‘ఇఫ్ ద యాంట్ హ్యాడ్ నాట్ బిటెన్ హిమ్, ద బాయ్ వుడ్ నాట్ హ్యావ్ క్రైడ్’. మెట్టు మారినప్పుడల్లా లేమి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూకుతుంటుంది, ఆ గారడీ పిల్లలకు నచ్చుతుంది. గొలుసు పూర్తయ్యాక రెండు కొసలనూ కలిపి ఒకే వాక్యం చెప్పమనాలి. పిల్లవాడు పుట్టలో వేలు పెట్టకుండా ఉంటే చేప ఎండి ఉండేది: ‘ఇఫ్ ద బాయ్ హ్యాడ్ నాట్ పుట్ హిజ్ ఫింగర్ ఇన్ ద యాంట్‌హిల్, ద ఫిష్ వుడ్ హ్యావ్ డ్రైడ్’. ఇంత పొడుగు వాక్యాన్ని తడుముకోకుండా అనేస్తారు, ఎందుకంటే అర్థం వాళ్ళకు ముందే తెలుసు.

చివర్లో చీమ పలికే మాట ఉండనే ఉంది: ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ పిల్లవాడు వేలు పెట్టనే పెట్టాడు, చీమ కుట్టనే కుట్టింది. అలాగని ఇక్కడి ‘పెడితే’ను ‘నేను వెళ్తే తాళం వేసి ఉంది’లోని ‘వెళ్తే’తో కలిపేసి ‘వెన్ హి పుట్ హిజ్ ఫింగర్’ అనాలా? అలా అంటే మాట పొగరు పోతుంది. చీమ జరిగినదాన్ని చెప్పడం లేదు, తన పుట్ట చట్టాన్ని చెబుతోంది. ఎవరు పెట్టినా, ఎప్పుడు పెట్టినా అంతే అంటోంది. అందుకే ‘ఇఫ్ ఎనీవన్ పుట్స్ ఎ ఫింగర్ ఇన్ మై గోల్డెన్ హిల్, వోంట్ ఐ బైట్?’ అనడమే సరి. ఇఫ్ పక్కన విల్ లేదు, చివర్లో మాత్రం ఉంది.